మాంసపు ఈగను ఎటు నుంచి ఫొటో తీయాలి?

చేపల బజారులోనో, చచ్చిన ఎలుక మీదో వాలే బూడిదరంగు పెద్ద ఈగను చూడనివాళ్లు తక్కువ. వీపు మీద మూడు నల్లచారలు, పొట్ట మీద చదరంగం గళ్లు, ఎర్రటి కళ్లు. ఇన్ని గుర్తులుంటే ఫొటో చూసి జాతి చెప్పెయ్యడం సులువే అనిపిస్తుంది. కానీ అవి ఏ ఒక్క జాతివో కావు, మాంసపు ఈగల కుటుంబానివి. ప్రపంచంలో దాదాపు 3,000 జాతుల మాంసపు ఈగలుంటే చాలావాటికి ఇదే వేషం. పైగా ఆ గళ్లు స్థిరమైన రంగులు కావు. ఒంటి మీది సన్నని పూత వల్ల, వెలుగు పడే కోణం మారితే నల్లగడి తెల్లబడుతుంది, తెల్లగడి నల్లబడుతుంది. ఒకే ఈగను రెండు వైపుల నుంచి ఫొటో తీస్తే రెండు జాతులేమో అనిపిస్తుంది.

కళ్లకు కనిపించేదాన్ని నమ్మి మోసపోవడంతోనే ఈ ఈగలను గుర్తుపట్టే కథ మొదలైంది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ ఒక ఈగకు మస్కా కార్నేరియా అని పేరు పెట్టాడు. 1826లో జర్మన్ కీటకశాస్త్రవేత్త మైగెన్ ఇలాంటి ఈగల కోసం సార్కోఫాగా అనే ప్రజాతిని ఏర్పరిచాడు. ఫ్రెంచి వైద్యుడు రోబినో దెవ్వాదీ 1830లో చిన్న చిన్న రంగు తేడాలను పట్టుకుని పుంఖానుపుంఖాలుగా కొత్త పేర్లు పెట్టాడు. వాటిలో ఎక్కువ భాగం ఉన్న జాతులకే మారుపేర్లని తర్వాత తేలింది. కార్నేరియాది మరో గొడవ. యూరప్‌లో కనిపించిన ప్రతి పెద్ద బూడిద ఈగకూ ఆ పేరే అంటించారు. అసలు కార్నేరియా పిల్లపురుగులు పెరిగేది వానపాములను తిని. కాబట్టి శవాల మీద కార్నేరియా కనిపించిందని రాసిన పాత నమోదులను ఉన్నవి ఉన్నట్టు నమ్మలేం.

పేరు తప్పితే ఏమవుతుందని అనుకోవచ్చు. మాంసపు ఈగ గుడ్లకు బదులు బతికున్న పిల్లపురుగులనే వదులుతుంది. శవం మీద దొరికిన పురుగు వయసును బట్టి మరణం ఎప్పుడు జరిగిందో నేరపరిశోధకులు లెక్క కడతారు. పురుగు పెరిగే వేగం జాతిని బట్టి మారుతుంది. జాతి తప్పితే లెక్కా తప్పుతుంది.

జాతిని కచ్చితంగా తేల్చే దారి చూపినవాడు ఫ్రెంచి కీటక పరిశోధకుడు లూయీ పాందెల్లె. మగ ఈగ పొట్ట చివర మడతపడి ఉండే జననాంగాల ఆకారం జాతికో తీరుగా ఉంటుందని ఆయన 1896లో నిరూపించాడు. బయటికి కవలల్లా ఉన్న ఈగల్లో కూడా అక్కడి కొక్కేలు, పలకలు, ముళ్లు వేరుగా ఉంటాయి. నా దృష్టిలో ఈ కథ మొత్తానికీ ఇదే మలుపు. అమెరికాలో ఆల్డ్రిచ్ 1916లో ఇదే పద్ధతిలో ఉత్తర అమెరికా ఈగల మీద పెద్ద గ్రంథం తెచ్చాడు. మన వైపు 1924లో సీనియర్ వైట్ రాసిన సమీక్ష కలకత్తాలోని ఇండియన్ మ్యూజియం పత్రికలో వచ్చింది. వాల్తేరు దాకా రైళ్లు నడిపిన బెంగాల్ నాగపూర్ రైల్వేలో తర్వాత మలేరియా నిపుణుడిగా పనిచేసినవాడు ఈయనే. 2002లో బి.సి. నంది రాసిన గ్రంథాన్ని భారత జంతు సర్వేక్షణ సంస్థ ప్రచురించింది.

ఇలాంటి గ్రంథాల్లో చేత్తో గీసినది ఎంత మంచి బొమ్మయినా, గీసినవాడు ఏది ముఖ్యమనుకున్నాడో దాన్నే చూపిస్తుంది. కెమెరాకు ఇంకో ఇబ్బంది. మైక్రోస్కోపు కింద పలుచని పొర ఒక్కటే స్పష్టంగా కనిపించి, మిగతాదంతా మసకబారుతుంది. లోతు కొద్దికొద్దిగా మారుస్తూ వరసగా ఫొటోలు తీసి, స్పష్టంగా ఉన్న భాగాలన్నిటినీ కంప్యూటర్‌లో ఒకటిగా కలపడం వచ్చాక ఆ ఇబ్బంది తీరింది. 2011లో బ్రెజిల్ శాస్త్రవేత్తలు వైరో, మెల్లో పాతియు, కార్వాల్యో తమ దేశపు దక్షిణ ప్రాంతంలో నేరపరిశోధనకు పనికొచ్చే మాంసపు ఈగలకు బొమ్మల గుర్తింపు పట్టిక ప్రచురించారు.

ఫొటోతో జాతి తేలాలంటే ముందు పని సూదిది. చచ్చిన మగ ఈగ ఒళ్లు బిగుసుకోకముందే, కొన వంచిన సన్నని సూదితో పొట్ట చివరి భాగాన్ని నెమ్మదిగా బయటికి లాగి, అలాగే ఆరనిచ్చి, పక్క నుంచి ఫొటో తీయాలి. ఎండిపోయినదైతే తేమ తగిలించి మెత్తబరచాలి. ఇలా తీసిన ఫొటో ఉంటే, ఈగను చేత్తో పట్టుకోకుండానే ఎక్కడో ఉన్న నిపుణుడు జాతి పేరు చెప్పగలడు. తోటలో ఆకు మీద కూర్చున్న ఈగను వీపు వైపు నుంచి ఎంత అందంగా తీసినా ఆ పేరు దొరకడం అరుదు.

ఆడ ఈగల దగ్గర ఈ పద్ధతి చాలదు. వాటిలో తేడాలు మరీ సూక్ష్మం. డీఎన్ఏ పరీక్ష ఒక మార్గం, కానీ దానికి ఫొటో కాదు, ఈగే కావాలి. 2023లో మలేసియా పరిశోధకులు ఇతర దేశాలవారితో కలిసి, రెక్కల మీది ఈనెల అమరికను కంప్యూటర్‌కు నేర్పి ఈగల జాతులను వేరుచేయవచ్చని చూపారు. రెక్క మగదానికీ ఆడదానికీ ఉంటుంది. దాన్ని పరిచి ఫొటో తీయడానికి పొట్ట విప్పనక్కర్లేదు.