తెలుగునాట ఇంటికప్పులు – వాననీటితో పోరు

పుస్తకమునకు చెదపురుగు ఎంతటి శత్రువో వాననీరును అంతటి శత్రువే. చెద నెలల తరబడి తినును. కారెడి కప్పు ఒక్క రాత్రిలో బీరువానంతయు ముద్దచేయును. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడినది. ఆ పిమ్మట పల్లెలలో పుట్టిన పఠనమందిరములలో పెక్కింటికి తొలినాళ్లలో సొంత భవనము లేదు. సత్రపు వసారానో, ఆలయ మంటపమునో, దాత ఇచ్చిన పాత ఇంటినో అవి ఆశ్రయించినవి. పైనున్న కప్పు ఎంత గట్టిదో లోపలి పుస్తకముల ఆయువును అంతయే. కావున ఊరి కప్పుల చరిత్ర గ్రంథాలయాభిమానులకు పరాయి విషయము కాదు.

తాటాకు, గడ్డి కప్పులను గూర్చి చెప్పవలసినది స్వల్పము. వాలు బాగుగా ఉన్నంతకాలము నీరు జారిపోవును. ఆకు కుళ్లినచోట కారును. కొన్నియేండ్లకొకసారి కొత్త ఆకు కప్పవలెను. ఆ ఇండ్లకు నీటికంటె నిప్పు భయమే హెచ్చు.

రాయలసీమ మట్టిమిద్దె కథ వేరు. అనంతపురము ప్రాంతమున ఏటి వర్షపాతము సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటు. అంత తక్కువ వాన గనుకనే అచ్చట చదునైన మట్టికప్పు నిలిచినది. దూలములపై దంతెలు పరచి, వానిపై బండలో కట్టెలో పేర్చి, మందముగా మన్ను వేసి, అన్నిటిపైన చౌడు పరచెడివారు. పైరుకు విషమైన చౌడు మిద్దెకు రక్ష యగుట వింతగా తోచును. ఆ మట్టిలోని సోడియము, తడి తగులగానే బంకమట్టి రేణువులను విడదీసి ఉబ్బజేయును; అవి సందులను పూడ్చివేయును. పొలమున నీరింకనీయని దోషమే మిద్దెపై గుణమైనది. రసాయనశాస్త్రము చదువకయే పెద్దలు ఈ మర్మము గ్రహించిరి. ఐనను చౌడు శాశ్వతము కాదు. వానకు కొట్టుకొనిపోవును, ఎండకు నెఱ్ఱెలు విచ్చును. అందుచే ఏటేట తొలకరికి ముందు బండ్లతో చౌడు తెచ్చి మిద్దెపై పరచుట, దుక్కి దున్నుటవలెనే, సంవత్సరపు పనులలో ఒకటిగా ఉండెడిది. గవాక్షి చుట్టును, నీరు దిగు దోనె మొదటను మఱింత శ్రద్ధ చూపెడివారు. ఆ యేడు ఏమరినవారి ఇంట చెంబులు, తపేలాలు నేలపై బారులు తీరెడివి.

కోస్తా సీమలో కుమ్మరి చేసిన గూనపెంకు చాలకాలము రాజ్యమేలినది. కోతి దూకినను, పిల్లి పరుగెత్తినను పెంకు జరుగును. జరిగినచోట ధార పడును. వానలకు ముందు పెంకు దింపి, పగిలినవి ఏరివేసి, మరల నేయుట అలవాటు. 1865లో బాసెల్ మిషన్ వారు మంగుళూరులో యంత్రపు పెంకుల కర్మాగారము నెలకొల్పిరి. ఒక పెంకు అంచు ప్రక్కదాని గాడిలో దిగునట్లు చేయుటచే అవి అంత సులభముగా జరుగవు. మంగుళూరున పుట్టిన ఆ పెంకును మనవారు ‘బెంగుళూరు పెంకు’ అని పిలుచుట యొక చిత్రము!

కచేరీలకును, కలవారి మేడలకును మద్రాసు మిద్దె వచ్చినది. టేకు దూలములను దగ్గరదగ్గరగా నుంచి, పలుచని ఇటుకలను నిలువంచున ఐమూలగా పేర్చి, పైన ఇటుకముక్కలు కలిపిన సున్నపు గచ్చు వేసెడివారు. కరక్కాయ, బెల్లము నానిన నీరు చల్లుచు, కూలి స్త్రీలు వరుసగా కూర్చుండి కొయ్యపలకలతో దినముల తరబడి దానిని కొట్టెడివారు. గానుగ సున్నమునకు ఒక సుగుణము కలదు: సన్నని బీటలలో నీటికి కరిగిన సున్నము మరల అచ్చటనే పేరుకొని కొంతవరకు వానిని మాన్పును. పిట్టగోడలో మొలచిన రావిమొక్కకు మాత్రము ఆ సుగుణము చాలదు. చిటికెనవ్రేలంత యున్నపుడు పెరికివేయనిచో దాని వేరు గోడనే చీల్చును.

1824లో ఇంగ్లండున జోసెఫ్ ఆస్ప్డిన్ పోర్టులాండు సిమెంటుకు పేటెంటు పొందెను. 1914లో పోరుబందరులో సిమెంటు తయారగుచుండెను. కాలక్రమమున ఇనుపకమ్ముల స్లాబు పల్లెలకును చేరినది. దానితోపాటు, ఇక కప్పెక్కవలసిన పని లేదను నమ్మకమును చేరినది. స్లాబుల కారుటకు సగము కారణము ఆ నమ్మకమే. పూర్వపు కప్పులు బలహీనములైనను ఏటికొకసారి ఎవరో ఒకరు వానిపైకెక్కి చూచెడివారు. స్లాబుపై ఆకులు కుళ్లి గొట్టము పూడినను చూచు దిక్కు లేదు. పగటి ఎండకు స్లాబు సాగును, రాత్రికి ముడుచుకొనును. పిట్టగోడ కలియుచోట సందు విచ్చును. నిలిచిన నీరు ఆ సందున దిగి కమ్మిని తాకును. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి తన చుట్టునున్న కాంక్రీటును పెచ్చులుగా రాల్చును.

ఇట్టి యింట సాధారణముగా జరుగునది యేమి? లోపల చుక్క పడినచోటికి సరిగా పైన సిమెంటు పూయుదురు. మరుసటి యేడు మఱొకచోట కారును, అచ్చటను పూయుదురు. పూత మీద పూత చేరి బరువు పెరుగునే గాని నీరు మానదు. ఏలయన నీరు దిగినచోటనే పడదు. బీట వెంట, కమ్మి వెంట కొన్ని అడుగులు ప్రాకి తనకు వీలైనచోట జారును.

నీరు దిగుచోటు కనుగొనుటకు అనుభవజ్ఞులైన మేస్త్రీలు అనుసరించు పద్ధతి రైతులకు కొత్తది కాదు. వేసవిలో, కప్పు బాగుగా ఎండియుండగా, స్లాబుపై బంకమట్టితో చిన్న గట్లు వేసి మడులుగా విభజింతురు. ఒక్కొక్క మడిలో ఒక్కొక్క దినము రెండంగుళముల నీరు నిలిపి, క్రింద తడి యెప్పుడు పొడసూపునో కనిపెట్టుదురు. తడి చూపిన మడిలోనే బీటను వెదకి, గాడిగా తెరచి, దుమ్ము కడిగి, పూడ్చుదురు. పిమ్మట ఐదడుగులకు ఒక అంగుళము చొప్పున గొట్టమువైపు వాలు కుదుర్తురు. గొట్టపు నోట ఆకు చేరకుండ ఇనుపజాలి బిగింతురు. ఆ జాలిని వానకాలమున వారమునకొకసారి ఊడ్చుటకు నిచ్చెన యొకటి గ్రంథాలయపు దొడ్డిగోడకు చేర్చియుంచిన చాలును.