పదహారు కిలోల గేజుకు దొరకని జబ్బు

గేజు ముల్లు సున్నా మీంచి కాస్త లేచి అక్కడే గజగజ వణుకుతోంది. ఒకటి దగ్గరుందా, ఒకటిన్నర దగ్గరా? టార్చిలైటు ఆనించి చూసినా తేలలేదు.

"ప్రెషర్ ఉన్నట్టే కదా ఉస్తాద్?"

"ఉన్నది. ఎంతున్నదో ఎట్ల చెప్పాలె అన్నా? ఇది పదహారు కిలోల గేజు. ఎయిర్ కంప్రెషర్‌కు పెట్టేది. దీంట్ల అరకిలో పడిపోతే కండ్లకు ఆన్తదా?"

ఇస్నాపూర్ చౌరస్తాకు కాస్త అవతల, 65వ నంబరు జాతీయ రహదారి పక్కన రేకుల షెడ్డు. పాశమైలారంలో ఇనుప పైపులు ఎత్తుకొని పుణె పోవాల్సిన పది టైర్ల లారీ అక్కడ ఆగిపోయింది. ఈ గాథలో డ్రైవరుకూ, ఉస్తాదుకూ పేర్లు లేవు. పటాన్‌చెరు నుంచి జహీరాబాద్ దాకా ఈ దారి వెంట షెడ్లలో మళ్లీ మళ్లీ జరిగేదాన్ని ఒక బండిగా, ఒక సంఘటనగా కూర్చి చెబుతున్నాను.

ఖాళీగా ఉన్నప్పుడు ఆ లారీకి ఏ రోగమూ లేదు. లోడెక్కి చడావు తగిలితే మాత్రం గుంజదు. పొగ రాదు, మిస్సింగ్ లేదు, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా దమ్ము రాదు. అంతకుముందు చూసిన ఒక మెకానిక్ డీజిల్ పంపు విప్పి కాలిబ్రేషన్‌కు పంపాలన్నాడు, నాజిళ్లు కూడా మార్చాలన్నాడు. బండి డ్రైవరుదే. కిస్తీలు ఇంకా తీరలేదు. ఆ ఖర్చు మాట విన్నప్పటి నుంచి అతనికి కంటిమీద కునుకు లేదు.

పంపు మీద చెయ్యి వేసేముందు దానికి డీజిల్ సరిగ్గా అందుతోందో లేదో చూడాలన్నది ఉస్తాదు పట్టు. నేనూ ఆ పట్టు పక్షమే. పంపు విప్పడం చాలా షెడ్లలో మొదటి పని అయిపోయింది. అది చివరి పని కావాలి.

అది బీఎస్-3 కాలపు బండి. ట్యాంకులోని డీజిల్‌ను ఫీడ్ పంపు లాగి, ఫిల్టర్ల గుండా పెద్ద పంపుకు, అంటే డీజిల్ పంపుకు తోస్తుంది. ఆ తోపుడు పెద్దదేమీ కాదు. ఈ తరహా ఇన్‌లైన్ పంపులకు సాధారణంగా చదరపు సెంటీమీటరుకు 1 నుంచి 1.5 కిలోలు ఉంటుంది. మోడల్‌ను బట్టి మారుతుంది గనక కంపెనీ మాన్యువల్‌లోని అంకెనే నమ్మాలి. ఇంత చిన్న ప్రెషరులో అరకిలో తగ్గినా నిండు లారీ చతికిలపడుతుంది.

మర్నాడు పొద్దున్నే ఉస్తాదు సికింద్రాబాద్ రాణిగంజ్ వెళ్లాడు. పంపులు, వాల్వులు, గేజులు వరుసగా అమ్మే బజారది. వెంట డ్రైవరూ వెళ్లాడు.

"పది కిలోలది తీస్కపోండి, అందరు గదే కొంటరు," అన్నాడు దుకాణదారు. చవక కూడా.

"నాలుగు కిలోలది చూపియ్యి. గ్లిజరిన్ నింపింది."

ఆ నాలుగు అన్న అంకె వెనక లెక్క ఉంది. మనం రోజూ చూడాల్సిన ప్రెషరు డయలు మధ్యభాగంలో పడాలి. డయలు మీద క్లాస్ 1.6 అని ఉంటే, ఆ గేజు తన పూర్తి కొలతలో నూటికి 1.6 వంతు దాకా అటో ఇటో తప్పు చూపవచ్చని అర్థం. పదహారు కిలోల గేజులో అది పావుకిలో. బండి దమ్ము తీసిన తేడా అరకిలో అయితే, అందులో సగం గేజు తప్పులోనే కలిసిపోతుంది. నాలుగు కిలోల గేజులో ఆ తప్పు 0.06 మాత్రమే. మరి రెండున్నర కిలోలది ఇంకా మంచిది కదా అని డ్రైవరు అడిగాడు. చదవడానికి మంచిదే. కానీ ఎక్కడైనా రిటర్న్ లైను మూసుకుపోతే ప్రెషరు ఒక్కసారిగా పైకి తంతుంది. గేజు లోపలి గొట్టం ఒకసారి సాగిందంటే ఆ తర్వాత అది చెప్పేదేదీ నమ్మడానికి ఉండదు.

ఆ గొట్టాన్ని కనిపెట్టినవాడు ఫ్రాన్సు దేశపు యూజీన్ బూర్డాన్. 1849లో పేటెంటు తీసుకున్నాడు. వంపు తిరిగిన చపటా గొట్టంలోకి ప్రెషరు పంపితే, జాతరలో పిల్లలు ఊదే చుట్టబూరలా అది విప్పుకోబోతుంది. ఆ కాస్త కదలికను పళ్లచక్రం పెద్దది చేసి ముల్లును తిప్పుతుంది. ఆవిరి యంత్రాల కోసం పుట్టిన ఉపాయం ఇవాళ్టికీ ఇస్నాపూర్ షెడ్డులో పనిచేస్తోంది.

గ్లిజరిన్ ఎందుకంటే, ఫీడ్ పంపు డీజిల్‌ను ధారగా పంపదు, దెబ్బ దెబ్బగా తోస్తుంది. దానికి ఇంజిను అదురు తోడు. పొడి గేజులో ముల్లు ఆడుతూనే ఉంటుంది, పళ్లు త్వరగా అరుగుతాయి. ఉస్తాదు సన్నటి రంధ్రమున్న స్క్రూను గేజు మూతిలో బిగించమన్నాడు, ఆ దెబ్బలు నేరుగా తగలకుండా. ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. గ్లిజరిన్ గేజు పైన రబ్బరు బిరడా ఉంటుంది. ఇంజిను వేడికి లోపలి గాలి వ్యాకోచించి చిన్న గేజుల రీడింగును పక్కకు నెడుతుంది. బిగించాక ఆ బిరడాను తెరిచి గాలి పోనివ్వాలి.

మధ్యాహ్నానికి గేజు బండికెక్కింది. ఫిల్టర్లు దాటాక పెద్ద పంపులోకి డీజిల్ వెళ్లే చోట కలిపి, డీజిల్‌కు తట్టుకునే హోసుతో అద్దం బయట, డ్రైవరుకు కనిపించేలా కట్టారు. నిలబెట్టి రేస్ చేస్తే 1.4. ముల్లు నిలకడగా ఉంది. డ్రైవరు మొహం వాడిపోయింది. ప్రెషరు బాగుంటే ఇక తప్పు పంపుదేనా?

"నిలబడ్డ బండి ఎంత తాగుతదన్నా? లోడ్ మీద పోదాం పా."

రుద్రారం దాటి సంగారెడ్డి వైపు నిండు బరువుతో వెళ్తూ పూర్తిగా తొక్కాడు. ముల్లు 1.2, 1, 0.6. అక్కడ ఆగింది. అప్పుడే బండి దమ్ము వదిలేసింది.

గేజును ఫిల్టర్లకు ముందుకు మార్చి మళ్లీ నడిపారు. అక్కడా దాదాపు అంతే. ఫిల్టర్లు మూసుకుపోతే వాటి ముందు ఎక్కువ, వెనక తక్కువ చూపాలి. అంటే లోపం ఫీడ్ పంపుదన్నా కావాలి, లేదా దానికి ముందున్న లైనుదన్నా కావాలి. ఉస్తాదు ట్యాంకు లైను విప్పి, డీజిల్ డబ్బా ఎత్తులో కట్టి, కొత్త హోసుతో నేరుగా ఫీడ్ పంపుకు ఇచ్చాడు. అదే రోడ్డు, అదే లోడు. ముల్లు 1.4 నుంచి కదల్లేదు. లారీ గుంజింది.

పాత హోసును కోసి చూశారు. పైకి చెక్కు చెదరలేదు. లోపలి పొర మాత్రం ఊడి, గట్టిగా లాగినప్పుడల్లా మూతపడుతోంది. పంపు విప్పి కాలిబ్రేషన్ చేయించినా, నాజిళ్లు మార్చినా ఆ హోసు అక్కడే ఉండేది. డబ్బు పోయి జబ్బు మిగిలేది.

పక్కనే సర్వీసుకొచ్చిన కొత్త బండి డ్రైవరు ఇదంతా చూసి, "నాకు గూడ ఒకటి పెట్టు ఉస్తాద్" అన్నాడు. ఉస్తాదు వెంటనే ఒప్పుకోలేదు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమ్ముతున్నవి బీఎస్-6 బండ్లు. వాటి కామన్ రైలులో ప్రెషరు 1,600 బార్లు, అంతకు మించి కూడా ఉంటుంది. దాన్ని సెన్సారు చూస్తుంది, స్కానరు చెబుతుంది. అక్కడ ఎవరూ ముల్లు గేజు బిగించకూడదు. నట్టు వదులైతే వచ్చే సన్నటి డీజిల్ ధార చర్మాన్ని చీల్చి లోపలికి దిగుతుంది. చూడ్డానికి సూది గుచ్చినంతే ఉంటుంది గానీ, వెంటనే ఆపరేషన్ చేయకపోతే చెయ్యే పోవచ్చు. ఈ మాట ప్రతి షెడ్డు గోడ మీదా రాయాలి. ఇక ఆ బండ్ల తక్కువ ప్రెషరు లైనుకు గేజు కావాలన్నా, ట్యాంకు నుంచి వచ్చే భాగంలో చాలాసార్లు ఉండేది తోపుడు కాదు, లాగుడు. దానికి సున్నాకు కింద కూడా చూపే గేజు కావాలి.

సాయంత్రానికి లారీ సిద్ధమైంది. డ్రైవరు గేజు విప్పనివ్వలేదు.

"ఇది క్యాబిన్ల పెట్టు ఉస్తాద్. రోజూ చూస్కుంట."

"డీజిల్ పైపు క్యాబిన్లకు తేవద్దన్నా. ఎప్పుడన్న పగిలితే నీ కాళ్ల మీదనే పడ్తది. ఇంజన్ కాడ సెన్సార్ పెట్టి, క్యాబిన్లకు ఒట్టి వైరు గుంజుదాం. నువ్వు పోయి లోడ్ దించి రా, గప్పటివరకు తెప్పిస్త."