కీమో మందు ఎందుకు ఓడిపోతుంది? క్యాన్సర్ కణం, కొవ్వు: 70 ఏళ్ళ కథ



కీమో మొదట బాగా పనిచేసి, కొన్ని నెలలకి గడ్డ మళ్ళీ పెరిగితే మన గూడేల్లో రెండు మాటలు వినిపిస్తాయి. ఒకటి, "ఆ మందు మంచిది కాదు". రెండోది, "నూనె, గుడ్డు, మాంసం పెట్టారు, అందుకే తిరగబెట్టింది". ఈ రెండిటికీ చరిత్రలో జవాబు ఉంది. పోస్టు కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

1948లో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకి అమినోప్టెరిన్ ఇచ్చారు. భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం లెడర్లీ ప్రయోగశాలలో చేసిన మందు అది. 10 మందికి గుణం కనిపించింది. కానీ కొన్ని నెలలే, జబ్బు తిరగబెట్టింది. అంటే మందుకి లొంగకపోవడం కీమో పుట్టిన రోజు నుంచీ ఉంది.

మన వాకిట్లో పూసే బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది. 1963లో అమెరికా దాన్ని అనుమతించింది. దానికీ అదే గతి. కారణం ఒకటి 1976లో తేలింది. మొండి కణాల పైపొరలో జూలియానో, లింగ్ అనే శాస్త్రవేత్తలు ఒక ప్రొటీన్‌ని కనిపెట్టి, పి-గ్లైకోప్రొటీన్ అని పేరు పెట్టారు. అది లోపలికొచ్చిన మందుని బయటికి తోడేసే మోటారు లాంటిది. ఆ మోటారు కూర్చునే పొర దేంతో అయింది? ఎక్కువగా కొవ్వుతోనే. పొరలో కొలెస్ట్రాల్ మారితే మోటారు పనీ మారుతుంది.

ఈ కొవ్వు ఎక్కడిది? గడ్డ ముక్కలు చక్కెర నుంచి సొంతంగా కొవ్వు చేసుకోగలవని 1953లోనే మీడెస్, థామస్, వైన్‌హౌస్ చూపించారు. 1994లో కుహాజ్డా బృందం, ముదిరిన రొమ్ము క్యాన్సర్‌లో కనిపించే ఒక ప్రొటీన్ కొవ్వు తయారుచేసే ఎంజైమే అని తేల్చింది. దాని పేరు ఫ్యాటీ యాసిడ్ సింథేజ్. ఈ ఎంజైమ్ పెరిగిన రొమ్ము క్యాన్సర్ కణాలు కీమోకి సరిగ్గా లొంగడం లేదని 2008లో ఇంకో బృందం ప్రయోగశాలలో చూపించింది.

2017లో అసలు మలుపు. కొన్ని మొండి కణాల కొవ్వు తేలిగ్గా పాడయ్యే రకమని తెలిసింది. పాత నూనె కనరెక్కినట్టు అదీ చెడిపోతుంది. చెడకుండా జీపీఎక్స్4 అనే ఎంజైమ్ కాపాడుతోంది. దాన్ని ఆపితే కణం చచ్చిపోతుంది. అంటే దాని బలంలోనే బలహీనత ఉందన్నమాట. ఇదింకా పరిశోధనలోనే ఉంది, ఆస్పత్రిలో ఇచ్చే మందు కాలేదు.

మేము చెప్పదలచుకున్నది ఇదే. మందు ఓడితే అది రోగి తప్పు కాదు, వంట చేసిన అమ్మ తప్పు కాదు. కణం తన కొవ్వు తానే చేసుకోగలదు కాబట్టి, రోగిని పస్తులుంచితే గడ్డ మాడదు, మనిషే నీరసించి తర్వాతి కీమో తట్టుకోలేడు. తిండి మార్చాలన్నా, మందు ఆపాలన్నా ముందు డాక్టర్‌ని అడగండి. బిళ్ళగన్నేరు ఆకు నమలొద్దు, అది విషం.

తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈ విషయం గోండిలో, కోయలో, సవరలో మీ ఇంట్లో చెప్పండి. బయోకెమిస్ట్రీ చదివేవాళ్ళు తర్వాతి అధ్యాయం రాయడానికి సిద్ధం కండి.