అరగొండ డాక్టరు

మద్రాసు, 1979. డాక్టర్ ప్రతాప్ చంద్ర రెడ్డి దగ్గరికి 38 ఏళ్ల మనిషి గుండెజబ్బుతో వచ్చాడు. అమెరికాలోని హ్యూస్టన్ వెళ్లి ఆపరేషన్ చేయించుకుంటే బతుకుతాడు. దానికి 50,000 డాలర్లు కావాలి. ఎంత తిరిగినా డబ్బు పుట్టలేదు. మనిషి పోయాడు. భార్య, ఇద్దరు పిల్లలు మిగిలారు. ఈ సంగతి డాక్టరు గారే తర్వాత ఎన్నోసార్లు చెప్పారు.

ఆయనది చిత్తూరు జిల్లా అరగొండ. ఆంజనేయుడు సంజీవని కొండను మోసుకుపోతుంటే సగం విరిగి ఇక్కడ పడిందని, అందుకే అరకొండ అన్న పేరొచ్చిందని ఊరివాళ్లు చెబుతారు. అక్కడి అర్ధగిరి గుడి పుష్కరిణి నీళ్లు జబ్బులు మాన్పుతాయని నమ్మకం. సీసా మూతిదాకా నింపి, మూత బిగించి, కొంగుతో తడి తుడిచి, మంచాన ఉన్నవాళ్ల కోసం భద్రంగా ఇంటికి పట్టుకెళ్తారు.

మద్రాసు స్టాన్లీ మెడికల్ కాలేజీలో చదివి అమెరికాలో స్థిరపడ్డ కొడుకును వెనక్కి రప్పించింది తండ్రి రాఘవరెడ్డి గారి ఉత్తరం. వచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టారు. హస్తవాసి మంచిదన్న పేరొచ్చింది. నలుగురు ఆడపిల్లల తండ్రి. అలాగే సాగిపోతే ఏ లోటూ లేదు.

కానీ ఆ చావు ఆయన్ని నిలవనివ్వలేదు. గుండెను కోయాలంటే ఒక్కడి హస్తవాసి చాలదు. మత్తు డాక్టరు కావాలి, రక్తం నిల్వ కావాలి, గుండె ఆగినంతసేపూ దాని పని చేసే యంత్రం కావాలి, రాత్రంతా మంచం పక్కన మేలుకుని ఉండే నర్సు కావాలి. సొంత గది వదిలి, పదిమందితో కలిసి ఆసుపత్రి కట్టాల్సిందే. నా దృష్టిలో ఆయన చేసిన అసలు సాహసం ఆ నిర్ణయమే.

ఆసుపత్రికి అప్పివ్వడం బ్యాంకులకు అలవాటు లేని కాలం. విదేశీ యంత్రం తేవాలంటే లైసెన్సు, దానిమీద సుంకం. ఢిల్లీ ఆఫీసుల చుట్టూ తిరిగారు. విదేశాల్లో ఉన్న మన డాక్టర్లను బతిమాలి రప్పించారు. 1983 సెప్టెంబర్ 18న 150 పడకలతో మద్రాసులో అపోలో ఆసుపత్రి తెరుచుకుంది. రాష్ట్రపతి జైల్ సింగ్ ప్రారంభించారు. కార్పొరేట్ ఆసుపత్రి బిల్లు ముందు పేదవాడు ఇప్పటికీ బెంబేలెత్తుతున్నాడన్నది నిజం, ఆ బాధ నాకూ ఉంది. అయినా హ్యూస్టన్ దూరం మాత్రం ఆ రోజు నుంచి తగ్గింది.

2000లో అరగొండకు టెలిమెడిసిన్ వచ్చింది. కొండ కింద రైతు ఛాతీకి తీగలు అతికించి తీసిన ఈసీజీ గీతను, పట్నంలో కూర్చున్న గుండె డాక్టరు చదవడం మొదలైంది.