పోర్టు పోలేదు, పడుకుంది

మొన్నామధ్య నా లాప్‌టాప్‌లో మౌసు రెండు సెకన్లు కదపకపోతే పడుకునేది, క్లిక్ చేస్తే గానీ లేచేది కాదు. పోర్టు పోయిందనుకుని మదర్‌బోర్డుకి బేరం కూడా ఆడేశాను! తీరా చూస్తే కారణం చాలా పాతది.

యూఎస్‌బీ 1996లో వచ్చింది. 1999లో లినస్ టోర్వాల్డ్స్ స్వయంగా రాసిన కోడుతో లినక్స్ కెర్నెల్లో చేరింది. 2007 ప్రాంతంలో కరెంటు ఆదాకని, ఖాళీగా ఉన్న పరికరాలను రెండు సెకన్లకే నిద్రపుచ్చే ఆటోసస్పెండ్ తెచ్చారు. పాపం, కొన్ని ప్రింటర్లూ స్కానర్లూ పడుకుని మళ్ళీ లేవలేదు. దాంతో హబ్బులకి తప్ప మిగతావాటికి దాన్ని డిఫాల్టుగా ఆపేశారు. మొండి పరికరాల చిట్టా ఒకటి కెర్నెల్లోనే పెట్టారు.

వాళ్ళు అలా ఆపినదాన్ని, బ్యాటరీ మీద ఆశతో పవర్‌టాప్‌లో నేనే మళ్ళీ తెరిచాను. మౌసు తాలూకు పవర్ కంట్రోల్ ఫైల్లో 'ఆటో' తీసి 'ఆన్' అని రాశాను. అంతే! మదర్‌బోర్డు డబ్బులు మిగిలాయి.