ఒంగోలు మతమార్పిడుల్లో ఆకలి వాటా ఎంత?

గుంటూరు, ప్రకాశం మైదానాల్లో నమ్మకాలు మారడం కొత్త కాదు. అమరావతిలో బౌద్ధం వెలిగి ఆరింది. తర్వాత శైవం, వైష్ణవం వేళ్లూనాయి. కారంపూడిలో పల్నాటి వీరుల ఆరాధన నేటికీ సాగుతోంది. ఇవన్నీ తెలిసిన సంగతులే. 1878 మతమార్పిడుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం కరువు, గంజి, బాప్తిస్మం అన్న మూడు ముక్కలతో తేల్చేస్తుంటారు.

ఆ ఏడు జులై 3న ఒంగోలుకు ఉత్తరాన వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో ఎక్కువమంది మాదిగలు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కరువు రోజుల్లో బకింగ్‌హామ్ కాలువ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇచ్చిన మాట నిజమే. అయితే ఆ పనులు సాగినన్నాళ్లూ ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. పని అయిపోయాక, ఇక ఇవ్వడానికేమీ లేదన్నాక కూడా జనం వచ్చారు. కష్టపడి బతుకుతామంటూ బొబ్బలెక్కిన అరచేతులు చూపించారట. ఇది మిషనరీ చెప్పిన సాక్ష్యం గనక కొంత తగ్గించి చదవాలి. కరువు రాకపోతే అంతమంది ఒకేసారి కదిలేవారు కాదన్నదీ ఒప్పుకోవాలి.

కానీ అసలు మొదలు అంతకు 12 ఏళ్ల ముందే పడింది. 1866లో బాప్తిస్మం తీసుకున్న యెర్రగుంట్ల పేరయ్య తాళ్లకొండపాడు మాదిగ, తోళ్ల వ్యాపారి. అప్పటికే రాజయోగ గురువులను ఆశ్రయించి ధ్యాన సాధన చేస్తున్నవాడు. ఆయన మాట చుట్టరికాల వెంట పల్లెపల్లెకూ పాకింది. చేరినవాళ్లకు క్లౌ పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. వీటితో ఊరి కట్టుబాటే కదిలింది. జాతరకు డప్పు కొట్టబోమన్న మాదిగలను ఊరి పెద్దలు ఊరికే వదల్లేదు. గింజల కోసమే చేరినవాళ్లు అంత వేధింపుకు ఎందుకు ఓర్చుకుంటారు?

ఇలాంటి మార్పుపై 1899లో రెండు పుస్తకాలు వచ్చాయి. అమెరికాలో మనస్తత్వవేత్త స్టార్‌బక్ మత మనస్తత్వంపై ఒకటి తెచ్చాడు. అందులో మారుమనస్సు ప్రధానంగా ఒక్కో యువకుడి, యువతి లోపలి సంఘర్షణ. అదే ఏడు క్లౌ భార్య ఎమ్మా మాదిగల కథలు ప్రచురించింది. అందులో గురువులున్నారు, బంధువులున్నారు, మాతంగి దేవత ఉంది. మన పల్లెల్లో మనసు ఎలా మారిందో తెలియాలంటే నాకు ఈ రెండో పుస్తకమే ఎక్కువ ఉపయోగపడింది.

మతాన్ని లాభంతో కొలవడం నేటికీ పోలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడికి ఎస్సీ హోదా లేదు. అందుకే ఎందరో సర్టిఫికెట్‌లో హిందువుగా ఉండి, ఆదివారం చర్చికి వెళ్తున్నారు. దాన్ని మోసమనడం అన్యాయం. ఆ ఇరకాటాన్ని తెచ్చిపెట్టింది చట్టమే. క్రైస్తవ సంఘాల చరిత్రలూ చాలావరకు 2,222 అంకె దగ్గరే ఆగిపోయి, పేరయ్య రాజయోగాన్ని దాటేస్తున్నాయి. కనిగిరి వైపు మాదిగపల్లెల్లో ఆ గురువుల ముచ్చట్లు చెప్పగల ముసలివాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే, మన విశ్వవిద్యాలయాలు ఇప్పుడైనా వెళ్లి వాటిని రికార్డు చేయాలి.