ఒక గడప, రెండు పొయ్యిలు

1981 జనాభా లెక్కల్లో నాకు వరంగల్ మట్టెవాడలో ఎన్యూమరేటర్ డ్యూటీ పడింది. శిక్షణలో చెప్పిన ముఖ్య సూత్రం: ఒకే వంటింట్లో తినేవారంతా ఒక కుటుంబం. అంటే గడపలు కాదు, పొయ్యిలు లెక్క. ఒక ఇంట్లో అన్నదమ్ములవి రెండు పొయ్యిలు. తల్లి నెలకొకరి వద్ద తింటున్నది. పెద్దవాడు "తమ్ముని తాన రాయుండ్రి సారూ" అన్నాడు. చిన్నవాడు అన్ననే చూపించాడు. ఆమె మాత్రం "ఏడనో ఓ తాన రాయి బిడ్డా, రాయకుండ పోకు" అన్నది. ఆ నెల వంతు పెద్దవానిది గనుక అక్కడే రాశాను.

2011 గణనలో నేటి తెలంగాణ ప్రాంత జనాభా 3 కోట్ల 50 లక్షలు, కుటుంబాలు 83 లక్షలు. ఇంటికి సగటున నలుగురికి పైగానే. 2014 ఆగస్టు 19న ఒక్కరోజులో జరిగిన సమగ్ర కుటుంబ సర్వేలో కుటుంబాలు కోటి దాటాయి. మూడేళ్లలో అన్ని కాపురాలు కొత్తగా వెలిశాయా? రేషన్ కార్డయినా ఇల్లయినా కుటుంబం లెక్కన వచ్చేవే కనుక, కొన్ని పొయ్యిలు కాగితం మీదనే వేరుపడ్డాయని నా అనుమానం.

2021లో జరగవలసిన గణన కోవిడ్ వల్ల ఆగిపోయింది. 2024 చివర రాష్ట్ర ప్రభుత్వం జరిపిన ఇంటింటి సర్వేలో నమోదైన కుటుంబాలు 1 కోటి 12 లక్షలు, జనం 3 కోట్ల 54 లక్షలు. ఇంటికి ముగ్గురూ, కాస్త చిల్లర. మా ఇంటి ఫారంలో రెండే పేర్లు పడ్డాయి. పిల్లలను హైదరాబాదులో రాసుకున్నారు.